అడ్మిరల్ అయ్యే దారి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

2017 దాకా మన విమానవాహక నౌకగా ఉన్న విరాట్ అంతకుముందు బ్రిటన్‌లో ‘హెర్మీస్’గా ఉండేదని, 1982లో అర్జెంటీనాతో జరిగిన ఫాక్లాండ్స్ యుద్ధంలో అడ్మిరల్ జెండా దాని మీదే ఎగిరిందని గత సంచికలో రాశాం. ఆ ఒక్క వాక్యం పట్టుకుని విజయవాడ, గుంటూరు పాఠకులు చాలా ఉత్తరాలు రాశారు. ఒకే తరహా ప్రశ్నల్ని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: హెర్మీస్ మీద ఉన్న ఆ అడ్మిరల్ ఎవరు? ఆ స్థాయికి ఎలా వచ్చారు? మొదటి నుంచి చెప్పండి.
(బ్రాడీపేట, గుంటూరు)

ఆయన రియర్ అడ్మిరల్ జాన్ ‘శాండీ’ ఉడ్‌వర్డ్. 1932 మే 1న కార్న్‌వాల్‌లోని పెన్‌జాన్స్‌లో పుట్టారు. 1946లో డార్ట్‌మత్ నౌకాదళ కళాశాలలో చేరేనాటికి ఆయనకు 13 ఏళ్లు. అప్పట్లో పిల్లల్ని ఆ వయసులోనే తీసుకునేవారు. ఇప్పుడు చేరేవాళ్లలో ఎక్కువమంది డిగ్రీ పూర్తి చేసినవాళ్లే, అక్కడి ప్రాథమిక శిక్షణ సుమారు 30 వారాలు.

ఆయన 1954లో సబ్‌మెరీన్లలోకి వెళ్లారు. 1960లో సబ్‌మెరీన్ కమాండ్ కోర్సు పాసయ్యారు. నౌకాదళంలో దాన్ని ‘పెరిషర్’ అంటారు. ఆయన జీవితంలో అసలైన గడప అదే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. పెరిస్కోప్ మాత్రమే నీటిపైకి వచ్చే లోతులో సబ్‌మెరీన్ ఉంటుంది. రెండు మూడు యుద్ధనౌకలు పూర్తి వేగంతో దాని మీదికి దూసుకొస్తాయి. అభ్యర్థి పెరిస్కోప్‌లో కొన్ని సెకన్లే చూసి, ఏ నౌక ఎంత దూరంలో ఉంది, ఎన్ని సెకన్లలో నెత్తి మీదికి వస్తుంది అన్నది మనసులోనే లెక్క వేసుకోవాలి, చేతిలోని స్టాప్‌వాచ్‌ను నమ్ముకోవాలి. సమయం మించకముందే కిందికి దిగిపోవాలి. మరీ ముందుగా దిగితే దాడి చేసే అవకాశం పోతుంది, ఆలస్యమైతే పైనున్న నౌక గుద్దేస్తుంది. తప్పేవాళ్లలో చాలామంది లెక్క రాక తప్పరు. దగ్గరికొస్తున్న నౌకనే చూస్తూ రెండోదాన్ని మరిచిపోయి తప్పుతారు. వెనకే నిలబడిన శిక్షకుణ్ని ‘టీచర్’ అంటారు. ప్రమాదం అనిపించిన క్షణాన నౌకను ఆయనే చేతిలోకి తీసుకుంటారు. ఫెయిలైతే మళ్లీ రాసుకునే వీలుండదు, సబ్‌మెరీన్ కొలువే ముగిసిపోతుంది.

పాసైన మరుసటి ఏడాదే ‘టైర్‌లెస్’కు, 1964లో ‘గ్రాంపస్’కు ఆయన కెప్టెన్ అయ్యారు. తర్వాత అణు సబ్‌మెరీన్ ‘వేలియంట్’లో రెండో అధికారి. 1967లో కమాండర్ హోదా దక్కింది, పెరిషర్ ‘టీచర్’ ఉద్యోగం కూడా వచ్చింది. 1969 చివర్లో అణు సబ్‌మెరీన్ ‘వార్‌స్పైట్’ ఆయన చేతికి వచ్చింది. 1972లో కెప్టెన్ హోదా. 1976 నుంచి రెండేళ్లు డిస్ట్రాయర్ ‘షెఫీల్డ్’కు నాయకత్వం. 1978 నుంచి లండన్‌లో నౌకాదళ ప్రణాళికల డైరెక్టర్. 1981 జులైలో రియర్ అడ్మిరల్, ఫస్ట్ ఫ్లోటిల్లా (నౌకల దండు) అధిపతి. చేరిన రోజు నుంచి లెక్కేస్తే 35 ఏళ్లు.

ఈ జాబితాలో చూడాల్సింది ఒకటుంది: సముద్రం మీద కమాండ్, ఒడ్డు మీద కుర్చీ, మళ్లీ సముద్రం. ఒక్క సముద్రమే తెలిసినవాడు కెప్టెన్ దగ్గర ఆగిపోతాడు. ఫైళ్లు మాత్రమే తెలిసినవాడికి నౌకల దండును అప్పగించరు. సబ్‌మెరీన్ మనిషికి ‘షెఫీల్డ్’ ఇవ్వడం కూడా ఊరికే కాదు. పైన తిరిగే నౌకల పని తెలియకపోతే ఫ్లోటిల్లా ఇవ్వరు.

లెఫ్టినెంట్ కమాండర్ దాకా పదోన్నతి ఆ రోజుల్లో సర్వీసుతో వచ్చేసేది. లెఫ్టినెంట్‌గా 8 ఏళ్లు నిండితే చాలు. కమాండర్ నుంచి పైకి మాత్రం ఎంపిక బోర్డు పేరు తీయాలి. చాలామంది కథ ముగిసేది అక్కడే.

యుద్ధం తర్వాత ఆయనకు నైట్‌హుడ్ వచ్చింది. సబ్‌మెరీన్ల అధిపతిగా, డిప్యూటీ చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్‌గా పనిచేసి, పూర్తి అడ్మిరల్ హోదాలో స్వదేశీ నౌకాదళ కమాండ్‌ను 1987 నుంచి 1989 వరకు నడిపి రిటైరయ్యారు. నౌకాదళ అధిపతి కుర్చీ, అంటే ఫస్ట్ సీ లార్డ్ పదవి, ఆయనకు దక్కలేదు. 2013 ఆగస్టులో మరణించారు.

ప్రశ్న: అంటే ఫాక్లాండ్స్ యుద్ధం మొత్తం ఆయన చేతిలోనే నడిచిందా?
(సత్యనారాయణపురం, విజయవాడ)

లేదు. మొత్తం కార్యభారం లండన్ పక్కన నార్త్‌వుడ్‌లో కూర్చున్న అడ్మిరల్ జాన్ ఫీల్డ్‌హౌస్‌ది. ఆయన కింద సముద్రం మీద ముగ్గురు సమాన స్థాయిలో ఉన్నారు: విమానవాహక నౌకల దళానికి ఉడ్‌వర్డ్, సైన్యాన్ని ఒడ్డుకు దించే నౌకలకు కమొడోర్ మైకేల్ క్లాప్, ఒడ్డున దిగే దళానికి బ్రిగేడియర్ జూలియన్ థాంప్సన్. హోదాలో ఉడ్‌వర్డ్ పెద్ద కాబట్టి ఆయనే అందరికీ అధిపతి అని పత్రికలు రాశాయి, ఇప్పటికీ రాస్తున్నాయి. ఎవరి మాట ఎవరు వినాలన్న తికమక వాళ్ల మధ్య కూడా ఉండేది. మే చివర్లో మేజర్ జనరల్ జెరెమీ మూర్ వచ్చి నేల మీది దళాలను చేపట్టాకే అది కొంత తేలింది.

అన్నిటికన్నా విచిత్రం సబ్‌మెరీన్ల సంగతి. ఉడ్‌వర్డ్ జీవితమంతా వాటిలోనే గడిచింది. కానీ అక్కడున్న అణు సబ్‌మెరీన్లు ఆయన కింద లేవు, నార్త్‌వుడ్ నుంచే నడిచాయి. అర్జెంటీనా క్రూయిజర్ ‘జనరల్ బెల్‌గ్రానో’ను ముంచమని మే 2న ఆయన అణు సబ్‌మెరీన్ ‘కాంకరర్’కు నేరుగా సందేశం పంపారు. అది తన అధికారం కాదని తెలిసే పంపారు. నార్త్‌వుడ్ ఆ సందేశాన్ని ఉపగ్రహం నుంచి తీసేయించింది, కానీ విషయాన్ని మంత్రుల ముందు పెట్టింది. దాడి నిబంధన మారింది, అదే రోజు క్రూయిజర్ మునిగింది, 323 మంది చనిపోయారు. పైవాళ్లను కదిలించడానికి ఆయన వేసిన ఎత్తు ఫలించింది. అదే ఎత్తు తప్పి ఉంటే ఆయన ఉద్యోగ జీవితం ఆ రోజే ముగిసేదని మా అంచనా.

రెండు విమానవాహక నౌకల్ని, హెర్మీస్‌ను, ‘ఇన్విన్సిబుల్’ను, ఆయన ద్వీపాలకు బాగా తూర్పున దూరంగా ఉంచారని ఒడ్డున దిగిన సైనికులు తప్పుపట్టారు. ఆయన లెక్క వేరు. మొదట్లో చేతిలో ఉన్న సీ హారియర్ యుద్ధవిమానాలు 20 మాత్రమే. వాటికి ఉన్నది ఈ రెండు డెక్కులే. ఏ ఒక్కటి పోయినా యుద్ధం ఆగిపోతుంది. మే 4న ఎక్సోసెట్ క్షిపణి తగిలి 20 మందిని పోగొట్టుకున్నది ఆయన ఒకప్పుడు నడిపిన ‘షెఫీల్డే’. ఆ క్షణంలో ఆ నౌక ఉపగ్రహ సంభాషణలో ఉంది. దాని తరంగాల వల్ల శత్రు రాడార్‌ను పసిగట్టే పరికరానికి ఏమీ వినపడలేదు. అది చూశాక హెర్మీస్‌ను ముందుకు తేలేదని ఆయన్ని తప్పుపట్టడం మాకు న్యాయంగా తోచదు.

ప్రశ్న: సైన్యంలో కెప్టెన్, నౌకాదళంలో కెప్టెన్ ఒకటేనా? ఫొటోలో చూసి హోదా ఎలా పోల్చుకోవాలి?
(అరండల్‌పేట, గుంటూరు)

ఒకటి కాదు. సైన్యంలో కెప్టెన్‌కు సమానం నౌకాదళంలో లెఫ్టినెంట్. నౌకాదళ కెప్టెన్‌కు సమానం సైన్యంలో కల్నల్. కమొడోర్ అంటే బ్రిగేడియర్, రియర్ అడ్మిరల్ అంటే మేజర్ జనరల్. పైగా నౌకను నడిపే అధికారి ఏ హోదాలో ఉన్నా ఆ నౌక మీద అందరూ ఆయన్ను కెప్టెన్ అనే అంటారు.

ఫొటోలో చొక్కా చేతి చివరి బంగారు పట్టీలు లెక్కపెట్టండి. రెండు పట్టీలైతే లెఫ్టినెంట్, రెంటి మధ్య సన్నటిది ఉంటే లెఫ్టినెంట్ కమాండర్, మూడు కమాండర్, నాలుగు కెప్టెన్. ఒకే వెడల్పాటి పట్టీ ఉంటే కమొడోర్. ఆ వెడల్పాటి దాని మీద మామూలు పట్టీ ఒకటి ఉంటే రియర్ అడ్మిరల్, రెండుంటే వైస్ అడ్మిరల్, మూడుంటే అడ్మిరల్. పై పట్టీకి గుండ్రటి చుట్ట ఉంటుంది, దాన్ని పట్టీగా లెక్కపెట్టకండి. 1951కి ముందు ఫొటోల్లో పట్టీలు అలల్లా వంకర తిరిగి ఉంటే ఆయన వాలంటీర్ రిజర్వ్ అధికారి. తాళ్లు పేనినట్టు అల్లుకుని ఉంటే వాణిజ్య నౌకల నుంచి వచ్చిన రిజర్వ్ అధికారి.

ఒక చిక్కు: బ్రిటన్‌లో కమొడోర్ 1997 వరకు ర్యాంకు కాదు, కెప్టెన్‌కు ఇచ్చే పదవి. ఫాక్లాండ్స్‌లో క్లాప్ పరిస్థితి అదే.

ప్రశ్న: స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన నౌకాదళాన్ని 11 ఏళ్లు బ్రిటిష్ వాళ్లే నడిపారట. ఎందుకు? ఎవరెవరు?
(పటమట, విజయవాడ)

నిజమే. నలుగురు. జె.టి.ఎస్. హాల్ 1947 ఆగస్టు 15 నుంచి ఏడాది. ఎడ్వర్డ్ పారీ 1948 ఆగస్టు నుంచి 1951 అక్టోబర్ వరకు. మార్క్ పిజీ 1955 జులై వరకు. స్టీఫెన్ కార్లిల్ 1958 ఏప్రిల్ వరకు. 1958 ఏప్రిల్ 22న వైస్ అడ్మిరల్ ఆర్.డి. కటారి తొలి భారతీయ అధిపతి అయ్యారు. ఆయన చెంగల్పట్టులో పుట్టారు, శిక్షణ నౌక ‘డఫరిన్’ మొదటి బ్యాచ్ విద్యార్థి.

సైన్యానికి 1949లోనే కరియప్ప, వాయుసేనకు 1954లో సుబ్రతో ముఖర్జీ వచ్చారు. నౌకాదళం వెనకబడింది చిత్తశుద్ధి లేక కాదు. రాయల్ ఇండియన్ నేవీ చిన్న నౌకల దళం. అందులో మొదటి భారతీయ అధికారికి కమిషన్ వచ్చిందే 1928లో. పైన చెప్పిన మెట్లు గుర్తుచేసుకోండి: 35 ఏళ్లు పట్టే దారి. క్రూయిజర్లు, విమానాలు కొత్తగా వచ్చి చేరుతుంటే వాటిని నడిపిన అనుభవం ఉన్న మనిషి 1947లో మన దగ్గర లేడు. అయినా మా దృష్టిలో 1955 తర్వాత మరో బ్రిటిషర్‌ను తేవాల్సిన అవసరం లేదు.

నలుగురిలో పారీ ఉద్యోగ జీవితం మనకు చాలా దగ్గరిది. 1905లో పన్నెండేళ్ల వయసులో నౌకాదళంలో చేరి, టార్పీడో నిపుణుడయ్యారు. 1939లో న్యూజిలాండ్ దళానికి చెందిన క్రూయిజర్ ‘అకిలీస్’కు కెప్టెన్. ఆ డిసెంబర్ 13న దక్షిణ అమెరికా తీరంలో రివర్ ప్లేట్ యుద్ధం. ఎదురుగా 11 అంగుళాల తుపాకులు ఆరున్న జర్మన్ నౌక ‘గ్రాఫ్ స్పీ’. అకిలీస్‌వి 6 అంగుళాలవి ఎనిమిది. బ్రిటిష్ క్రూయిజర్లు ‘అజాక్స్’, ‘ఎక్సెటర్’లతో కలిసి ఆ పెద్ద నౌకను తరిమి మాంటెవిడియో రేవులోకి నెట్టారు. నాలుగు రోజుల తర్వాత జర్మన్లే దాన్ని పేల్చి ముంచుకున్నారు. ఆ పోరులో అకిలీస్ మీద నలుగురు చనిపోయారు, పారీ కాళ్లకు గాయాలయ్యాయి. తర్వాత ఆయన న్యూజిలాండ్ నౌకాదళ అధిపతి అయ్యారు. 1944 నార్మండీ దాడిలో రెండో విడత సైన్యాన్ని మోసిన దళాన్ని నడిపారు. యుద్ధం ముగిశాక నౌకాదళ గూఢచారి విభాగం డైరెక్టర్.

ఆ అకిలీస్‌ను 1948లో భారత్ కొన్నది. జులైలో అది ‘ఢిల్లీ’ అయింది, ఆగస్టులో పారీ మన నౌకాదళాధిపతిగా వచ్చారు. తొమ్మిదేళ్ల కిందట తాను యుద్ధం చేసిన నౌకే ఇక్కడ ఆయన దళంలో అతి పెద్దది. 1950 జనవరి 26న నౌకల పేర్ల ముందున్న ‘హెచ్.ఎం.ఐ.ఎస్.’ (బ్రిటన్ రాజుగారి భారత నౌక) పోయి ‘ఐ.ఎన్.ఎస్.’ వచ్చిందీ ఆయన హయాంలోనే. ఆ నౌక 1961లో గోవా విముక్తి సమయంలో డయ్యూ దగ్గర కాల్పులు జరిపి, 1978లో విశ్రాంతి తీసుకుంది.

ప్రశ్న: 1942 ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖల మీద జపాన్ బాంబులు పడ్డప్పుడు బ్రిటిష్ నౌకాదళం ఎక్కడుంది? అంత వైఫల్యం తర్వాత కూడా దాని అడ్మిరల్‌ను ఎందుకు తీసేయలేదు?
(కొత్తపేట, గుంటూరు)

మాల్దీవుల్లోని అడ్డూ దీవుల దగ్గర, అక్కడి రహస్య స్థావరం చుట్టుపక్కల. అధిపతి అడ్మిరల్ జేమ్స్ సోమర్‌విల్. 1897లో చేరారు, వైర్‌లెస్ నిపుణుడు. 1939లో క్షయ అని చెప్పి రిటైర్ చేశారు, యుద్ధం రాగానే వెనక్కి పిలిచారు. 1940 జులై 3న మెర్సెల్ కెబిర్ రేవులో నిన్నటిదాకా మిత్రులైన ఫ్రెంచి నౌకల మీద కాల్పులు జరిపించాల్సి వచ్చింది ఆయనకే, 1,297 మంది ఫ్రెంచి నావికులు చనిపోయారు. ‘బిస్మార్క్’ వేటలో ఆయన దళానికి చెందిన ‘ఆర్క్ రాయల్’ విమానాలే ఆ నౌక చుక్కానిని దెబ్బతీశాయి.

1942 మార్చిలో తూర్పు దళం ఆయన చేతికొచ్చింది. కాగితం మీద యుద్ధనౌకలు ఐదు. అన్నీ మొదటి ప్రపంచ యుద్ధం నాటివే. వాటిలో నాలుగింటికి వేగం 20 నాట్లు దాటడమే కష్టం, నీళ్లు, ఇంధనం త్వరగా అయిపోయేవి. ఎదురుగా జపాన్ అడ్మిరల్ నగుమో దగ్గర ఐదు పెద్ద విమానవాహక నౌకలు. సిలోన్ దక్షిణాన మాటువేసి మూడు రోజులు చూశారు, జపాన్ వాళ్లు రాలేదు, ఇంధనం కోసం అడ్డూకు వెనుదిరిగారు. ఏప్రిల్ 5న కొలంబో మీద దాడి జరిగింది, బ్రిటిష్ క్రూయిజర్లు ‘డార్సెట్‌షైర్’, ‘కార్న్‌వాల్’ మునిగాయి. ఏప్రిల్ 9న విమానవాహక నౌక ‘హెర్మీస్’ మునిగింది. (ఇది విరాట్ అయిన హెర్మీస్ కాదు. అది 1959లో దళంలో చేరిన మరో నౌక.) మన తీరం మీదికి వచ్చింది నగుమో దళం కాదు. బంగాళాఖాతంలో వాణిజ్య నౌకల్ని వేటాడుతున్న మరో జపాన్ అడ్మిరల్ ఒజావా దళంలోని చిన్న వాహక నౌక ‘ర్యూజో’ విమానాలు. వాటిని ఆపడానికి తీరంలో పెద్ద నౌక ఒక్కటీ లేదు.

సోమర్‌విల్ పగలు దూరంగా ఉండి, రాత్రి రాడార్ ఉన్న విమానాలతో దెబ్బతీయాలని చూశారు. శత్రువు దొరకలేదు. దళాన్ని పోగొట్టుకోకుండా తూర్పు ఆఫ్రికాలోని కిలిండినీకి తీసుకెళ్లారు. లండన్ ఆయన పదవి తీయకపోవడానికి కారణం అదే: ఎదురెళ్లి ఉంటే పగటి పూట అన్నీ మునిగేవి. 1944లో తిరిగి వచ్చి సబాంగ్, సురబయల మీద దాడులు చేశారు, 1945 మే 8న అడ్మిరల్ ఆఫ్ ది ఫ్లీట్ అయ్యారు. కోస్తా జనానికి మాత్రం ఆ ఏప్రిల్‌లో దిక్కు లేకపోయిందన్నది వాస్తవం.

ప్రశ్న: ఇంత దూరం వచ్చిన అధికారి ఎక్కడ పడిపోతాడు?
(లబ్బీపేట, విజయవాడ)

ఎక్కువగా బోర్డు దగ్గరే, చప్పుడు లేకుండా. ఎంపికకు నిర్ణయించిన ఏళ్లలో పేరు రాకపోతే అదే హోదాలో రిటైర్ కావడమే. చప్పుడు చేస్తూ పడిపోయేది నౌక నేల తాకినప్పుడు. 2002 జులైలో డిస్ట్రాయర్ ‘నాటింగ్‌హామ్’ ఆస్ట్రేలియా తూర్పున లార్డ్ హౌ దీవి దగ్గర వుల్ఫ్ రాక్‌ను గుద్దుకుంది. ఆ రాయి చార్టులో ఉంది. కోర్ట్ మార్షల్ జరిగింది, కెప్టెన్‌కూ మందలింపు తప్పలేదు. చార్టు ఎవరు చూడలేదన్నది రెండో ప్రశ్న, నౌక ఎవరిది అన్నది మొదటిది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. మన నౌకాదళంలో ఈ దారి ఎక్కడ మొదలవుతుంది?
(విద్యానగర్, గుంటూరు)

రెండు తలుపులు. ఒకటి యూపీఎస్సీ నిర్వహించే ఎన్‌డీఏ పరీక్ష. రెండోది నౌకాదళం 10+2 బీటెక్ ఎంట్రీ, దీనికి జేఈఈ మెయిన్ ర్యాంకు చూస్తారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కల్లో కలిపి 70 శాతం, ఇంగ్లిష్‌లో 50 శాతం ఉండాలి. ఎంపికైతే కేరళలోని ఎళిమల అకాడమీ. మధ్యలో ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ ఐదు రోజులు. ర్యాంకు ఉన్న పిల్లలు ఎక్కువగా పోయేది అక్కడా, కంటి పరీక్షలోనూ. రంగుల తేడా కనిపిస్తోందో లేదో ఫారం నింపకముందే ఒక కంటి డాక్టర్ దగ్గర చూపించండి.

ప్రశ్న: మా తాతగారు యుద్ధకాలంలో నౌకాదళంలో చేశారు. కాగితంలో ‘హెచ్.ఎం.ఐ.ఎస్. సర్కార్స్’ అని, కింద ఒక బ్రిటిష్ అధికారి సంతకం ఉంది. ఆ నౌక, ఆ అధికారి వివరాలు ఎలా తెలుసుకోవాలి?
(గవర్నర్‌పేట, విజయవాడ)

మొదట ‘నౌక’ సంగతి. సర్కార్స్ నౌక కాదు, విశాఖపట్నంలోని ఒడ్డు స్థావరం. ఉత్తర సర్కార్ల పేరు పెట్టారు, గుంటూరు కూడా ఆ సర్కార్లలో ఒకటే. ఒడ్డు మీది ఆఫీసులకు, శిక్షణ కేంద్రాలకు నౌకల్లాగే పేర్లు పెట్టడం బ్రిటిష్ ఆచారం. 1946 ఫిబ్రవరి 18న నావికుల తిరుగుబాటు మొదలైన బొంబాయి ‘తల్వార్’ కూడా సిగ్నల్ స్కూలే. బ్రిటన్‌లో ‘ఎక్సలెంట్’ తుపాకుల స్కూలు, ‘వెర్నన్’ టార్పీడో స్కూలు. ‘ప్రెసిడెంట్’ అని ఉంటే సాధారణంగా లండన్ ఆఫీసు ఉద్యోగమని అర్థం.

ఇక అధికారి. సంతకం కింద పేరు తర్వాత ఉన్న అక్షరాలు ముందు చూడండి. ఆర్.ఎన్. అంటే బ్రిటిష్ నౌకాదళం, ఆర్.ఐ.ఎన్. అంటే రాయల్ ఇండియన్ నేవీ, చివర వి.ఆర్. ఉంటే వాలంటీర్ రిజర్వ్. ఇవి తేలకుండా వెతికితే అదే ఇంటిపేరు ఉన్న ఇంకెవరి జీవితమో మీ చేతికొస్తుంది. ఆర్.ఎన్. అయితే స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో యుద్ధకాలపు ‘నేవీ లిస్టు’ ఉచితం. అందులో హోదా, ఆ హోదా వచ్చిన తేదీ ఉంటాయి. ఆ తేదీయే తాళంచెవి, ఎందుకంటే ఒకే పేరున్న ఇద్దరికి ఒకే తేదీ దాదాపు ఉండదు. పతకాలు, పదోన్నతులకు ‘లండన్ గెజెట్’ చూడండి, అదీ ఉచితమే. మొదటి ప్రపంచ యుద్ధం నాటికే చేరిన పాత అధికారి అయితే లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏడీఎం 196 వరుసలో సర్వీసు రికార్డు దొరుకుతుంది. ఆర్.ఐ.ఎన్. అయితే బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులు చూడాలి.

హోదా ముందు ‘యాక్టింగ్’ అని ఉందేమో మరోసారి చూసుకోండి. యుద్ధంలో యాక్టింగ్ కెప్టెన్‌గా సంతకాలు చేసినవారు 1946 తర్వాతి లిస్టులో కమాండర్‌గా కనిపిస్తే అది శిక్ష కాదు. యుద్ధం కోసం ఇచ్చిన హోదా యుద్ధంతో పోయింది, అంతే.